కోనసీమ చుట్టూ వేసవి ఉప్పునీటి గాలం: ఏ మొగకి వెళ్లాలి?

మ్యాపులో చూస్తే కోనసీమ ఒక పెద్ద లంక. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, నడుమ నుంచి చీల్చుకుంటూ వైనతేయ, కింద బంగాళాఖాతం. పాయ సముద్రంలో కలిసే చోటే మొగ. వేసవి సెలవుల్లో రాడ్డు కొనుక్కుని ఈ లంక చుట్టూ ఎక్కడో ఒకచోట ఉప్పునీటిలో గాలం వేద్దామనుకునేవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "అంతర్వేది మంచిదా, ఓడలరేవు మంచిదా, యానాం మంచిదా?"

నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. ఆ రోజు తిథి ఏమిటి? మీతో ఎవరు వస్తున్నారు? చేప సంగతి ఆ తర్వాతే. పండుగప్ప మూడు పాయల్లోనూ ఉంది. పోటు ఎక్కినా మీరు క్షేమంగా వెనక్కి నడిచి రాగలిగే చోటు మాత్రం రోజును బట్టి, మనిషిని బట్టి మారుతుంది.

వేసవిలో నీళ్లు ఎలా ఉంటాయి

ధవళేశ్వరం బ్యారేజీ కింద ఎండాకాలంలో గోదావరి ప్రవాహం దాదాపు ఆగిపోతుంది. పైనుంచి తోసే మంచినీళ్లు లేక సముద్రపు నీరు పాయల్లోకి చాలా దూరం ఎగదన్నుతుంది. యానాం దగ్గర కూడా నీళ్లు ఉప్పగా తగులుతాయి. వరదల నాటి ఎర్రనీరు, బురద ఉండవు. నీరు తేటపడి, కొయ్యింగలు, రొయ్యలు పాయల్లోకి చేరతాయి. వాటి వెనకే పండుగప్ప వస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా గట్టు మీద నిలబడి గాలం వేసేవాడికి ఇది మంచి కాలం.

అదే సమయంలో తూర్పు తీరమంతా వేట నిషేధం ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజన్ ఉన్న ఏ పడవా సముద్రంలో వేటకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి పెట్టిన నియమం అది. "ఫర్వాలేదండి, పొద్దున్నే వెళ్లి వచ్చేద్దాం" అని ఎవరైనా ఇంజన్ పడవ ఎక్కించబోయినా ఎక్కకండి. ఆ రెండు నెలలు పడవలు ఒడ్డుకి లాగి, వలలు బాగుచేసుకుంటూ ఇంటి దగ్గర కూర్చున్న కుటుంబాల కళ్ల ముందు మనం సరదాకి పడవ వేసుకుని పోవడం నాకు చాలా తప్పుగా తోస్తుంది. పడవ మీదే గాలం వేయాలనుంటే ఏప్రిల్ 14 లోపు చూసుకోండి. ఆ తర్వాత రెండు నెలలు గట్టు మీదే. ఇక్కడ చెప్పేదంతా గట్టు మీద, ఇసుక మీద నిలబడి వేసే గాలం గురించే.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, వెనక్కి వచ్చే దారి. నేను ఇది నేర్చుకున్నది ఓడలరేవులో. కొన్నేళ్ల క్రితం, పాటు (నీరు వెనక్కి తగ్గడం) బాగా తీసిన ఒక తెల్లవారుజామున మొగ దగ్గర ఇసుక మేట మీదికి నడిచి వెళ్లాను. వెళ్లేటప్పుడు మడమల లోతే. రెండు గొరకలు పడ్డాయి, మూడోదాని మీద ధ్యాసలో ఉండిపోయాను. వెనక్కి చూసేసరికి నేను నడిచి వచ్చిన చోట నీళ్లు పారుతున్నాయి. పోటు ముందునుంచి రాదు, మేట వెనక ఉన్న పల్లంలోంచి చుట్టుకుని వస్తుంది. గట్టు మీద వల ఆరేసుకుంటున్న ఒక తాత కేకేశాడు. "ఆయ్, బాబూ, అటు కాదు, ఇటు ఎడం పక్కకి రండి, అక్కడ ఇంకా నేల అందుతాది!" ఛాతీ లోతు నీళ్లలో రాడ్డు నెత్తిన పెట్టుకుని బయటపడ్డాను. చేపల సంచి పోయింది. ఆ రోజు నుంచి ఏ చోటికి వెళ్లినా, గాలం విప్పకముందు వెనక్కి తిరిగి దారి చూసుకుంటాను.

రెండోది, తిథి. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పొద్దున తొమ్మిది ప్రాంతంలో, మళ్లీ రాత్రి తొమ్మిది ప్రాంతంలో నిండుతుంది. ఆ తర్వాత రోజుకి సుమారు రెండు గడియలు, అంటే 48 నిమిషాలు, ఆలస్యమవుతూ పోతుంది. అష్టమి వచ్చేసరికి నిండు పోటు మధ్యాహ్నం మూడు ప్రాంతానికి చేరుతుంది. ఇది చేతి లెక్క మాత్రమే. వెళ్లే ముందురోజు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల టైడ్ పట్టిక, అలల హెచ్చరిక తప్పకుండా చూడండి.

ఈ లెక్కలోనే ఎంపిక రహస్యం అంతా ఉంది. అమావాస్య, పౌర్ణమి చుట్టూ నీటి లాగు ఎక్కువ. మొగ దగ్గర వంద గ్రాముల సీసం కూడా నిలవదు, కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. అలాంటి రోజుల్లో మొగ వదిలేసి పాయ లోపలికి వెళ్లాలి. తెల్లవారుజామున పాటు అయిపోయి, పొద్దున తొమ్మిది దాకా నీళ్లు ఎక్కుతూ ఉంటాయి. చల్లటి వేళ, ఎక్కే నీరు రెండూ కలిసొస్తాయి. అష్టమి, నవమి చుట్టూ లాగు మెత్తబడుతుంది. మొగ దగ్గర కొత్తవాళ్లు నిలబడగలిగేది అప్పుడే. చేపలు మాత్రం కొంచెం మందకొడిగా కొడతాయి, ఓపిక కావాలి.

మూడోది, ఎండ, గాలి. పది దాటితే దక్షిణపు గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి సముద్రం రేగుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఇసుక మీద నీడ లేకుండా నిలబడటం వీరత్వం కాదు, వడదెబ్బ కొనితెచ్చుకోవడం. తెల్లవారి నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా. మధ్యలో ఇంటికో, సరుగుడు తోట నీడకో వెళ్లిపోండి.

ఒక్క చూపులో

| చోటు | ఎలాంటి నీళ్లు | ఎక్కువ దొరికేవి | మంచి తిథి | ఎవరికి |
|---|---|---|---|---|
| అంతర్వేది | వశిష్ఠ మొగ, లాగు గట్టిది | పండుగప్ప, మాగ, పార | అష్టమి చుట్టూ | అనుభవం ఉన్నవాళ్లకి |
| ఓడలరేవు | వైనతేయ మొగ, మేటలు | పండుగప్ప, గొరక, జెల్ల | సప్తమి నుంచి దశమి | కొంత తెలిసినవాళ్లకి |
| ఎస్.యానాం (యానాం వేరు) | తెరిచిన సముద్రం, అలలు | గొరక, జెల్ల, చిన్న మాగ | ఏదైనా, గాలి లేని పూట | కుటుంబాలకి, మొదటిసారి వాళ్లకి |
| యానాం | గౌతమి లోపలి గట్టు | పండుగప్ప, కొయ్యింగ | అమావాస్య, పౌర్ణమి | పిల్లలకి, పెద్దవాళ్లకి, ల్యూర్ (కృత్రిమ ఎర) వేసేవాళ్లకి |

అంతర్వేది

పెద్ద చేప కోసం వెళ్లేవాళ్లకి నా మనసులో మొదటి పేరు ఇదే. అందరికీ చెప్పని పేరు కూడా ఇదే. గుడి దాటి ముందుకెళ్తే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది నీరు, సముద్రపు నీరు రెండు రంగులుగా కనిపిస్తాయి. ఆ రెండు రంగులు కలిసే గీత మీదే వేట జరుగుతుంది. పాటు తీసేటప్పుడు పాయలోంచి చిన్న చేపలు, రొయ్యలు బయటికి కొట్టుకొస్తాయి. ఆ గీతకి అవతల మాగలు, పారలు కాచుకుని ఉంటాయి. గీత మీదుగా విసిరి, ఎర నీటితో పాటు కొట్టుకుపోయేలా వదిలితే రాడ్డు వంగుతుంది.

కానీ పాటు తీసేటప్పుడే లాగు కూడా సముద్రం వైపు ఉంటుంది. అంటే ఎక్కడ చేప బాగా కొడుతుందో అక్కడే ప్రమాదం కూడా ఎక్కువ. పాదాలు తడిసే చోటు వరకే దిగండి. మోకాలి లోతుకి వెళ్లాలనిపిస్తే ఆ రోజుకి గాలం చుట్టేయండి. ఒంటరిగా అసలు వెళ్లకండి.

ఇంకో సంగతి, సంగమ స్నానాలకి పొద్దున్నే భక్తులు వస్తారు. వాళ్లు దిగే చోటుకి బాగా దూరంగా నిలబడండి, తెగిన దారం, గాలం ముల్లు ఒక్కటి కూడా ఇసుకలో వదలకండి. చిన్నపిల్ల కాలికి ముల్లు దిగితే ఇక అక్కడ మనల్ని ఎవరూ నిలబడనివ్వరు, అది న్యాయమే.

నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు పంటు మీద సఖినేటిపల్లి దాటి రావచ్చు. రాత్రి ఆఖరి పంటు ఎన్నింటికో ఎక్కేటప్పుడే అడగండి. లేదంటే చించినాడ వంతెన చుట్టు తిరిగి రావాలి. అమలాపురం నుంచైతే ఈ నాలుగింటిలో ఇదే దూరం. అందుకే నేను దీన్ని తెల్లవారుజాము ప్రయాణంగా కాక, ముందురోజు రాత్రే వెళ్లి ఉండే ప్రయాణంగా చూస్తాను.

ఓడలరేవు

అమలాపురం చుట్టుపక్కల వాళ్లకి దగ్గర, రోడ్డు మంచిది, సరుగుడు తోటల నీడ ఉంది. వైనతేయ మూడు పాయల్లోకీ చిన్నది కాబట్టి లాగు అంతర్వేది అంత ఉండదు. ఇక్కడి సమస్య మేటలు. ఏడాదికేడాది వరదకి మొగ రూపు మారుతుంది. నిరుడు నిలబడిన చోటు ఈ ఏడు పల్లం కావచ్చు. కాబట్టి మొదటిరోజు గాలం వేయకండి. పాటు బాగా తీసిన వేళ వెళ్లి, మేటలు ఎక్కడున్నాయో, పల్లాలు ఎక్కడున్నాయో చూసుకుని రండి. ఆ పల్లాలే పోటు ఎక్కాక చేపల దారి. మరుసటి రోజు ఒడ్డు మీద నిలబడే, ఆ పల్లంలోకి విసరండి. మేట మీదికి వెళ్లాల్సిన పనే ఉండదు.

గొరకలు ఇక్కడ బాగా పడతాయి. తాజా రొయ్య ముక్క చాలు. జెల్లలు కూడా పడతాయి, వాటి సంగతి కింద చెబుతాను. ఆదివారం సాయంత్రం జనం ఎక్కువ, విసరడానికి చోటుండదు. మామూలు రోజు పొద్దున వెళ్లండి. ఓఎన్‌జీసీ టెర్మినల్ వైపు కంచెల దగ్గరికి, పైపులైను బోర్డులున్న చోటికి పోకండి.

ఎదురుగా పడమటి ఒడ్డున కరవాక ఉంది. అక్కడ జనం తక్కువ, నీడ కూడా తక్కువే.

ఎస్.యానాం

పెద్ద చేప ఆశ పెట్టుకోకుండా, సాయంత్రం పూట కుటుంబంతో సముద్రం ఒడ్డున గాలం వేయాలంటే ఇది. మొగ లేదు, మేటల మోసం లేదు, ఇసుక సమంగా ఉంటుంది. అలలు విరిగే రెండో వరుస వెనకాల పల్లంలో పడేలా విసరాలి, దానికి పొడవు రాడ్డు కావాలి. గాలి లేచిన పూట వెళ్తే దారం విల్లులా వంగి ఏమీ తెలియదు.

యానాం

నలుగురిలో ముగ్గురికి నేను చెప్పే చోటు ఇదే. సముద్రానికి కొన్ని కిలోమీటర్లు లోపల, గౌతమి గట్టు మీద, మెట్లున్న చోట కూర్చుని గాలం వేయొచ్చు. అలలు లేవు. తాతగారిని కుర్చీలో కూర్చోబెట్టి చేతికి రాడ్డు ఇవ్వొచ్చు. టీ, టిఫిన్, మందుల షాపు నడిచే దూరంలో ఉంటాయి. మన వైపు నుంచి ఎదుర్లంక వంతెన దాటితే ఊళ్లో ఉంటాం.

ఇక్కడ చేప లేదనుకోకండి. అమావాస్య, పౌర్ణమి పోట్లకి కొయ్యింగల గుంపులు గట్టు వెంబడి పైకి పోతుంటాయి. అకస్మాత్తుగా అవన్నీ నీటిమీదికి చిమ్మినట్టు ఎగురుతాయి. అలా ఎగిరితే కింద పండుగప్ప ఉన్నట్టే. ల్యూర్ వేయాలని ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి బడి లేదు. మొగ దగ్గర నిండు పోటు అయ్యాక ఇక్కడ నిండటానికి ఇంకొంతసేపు పడుతుంది, అది లెక్కలో వేసుకోండి. రేవుల్లో పడవలు, పంటు తిరిగే చోట్ల విసరకండి.

ఒక్క లోటు: మొగ దగ్గర దొరికే మాగలు, పారలు ఇక్కడ దాదాపు ఉండవు. సముద్రం ముందు నిలబడిన ఆ అనుభూతీ ఉండదు. అది కావాలనుకునేవాళ్లని యానాం గట్టు తృప్తిపరచదు, నాకు తెలుసు. కానీ మొదటి వేసవి ఇక్కడ గడిపి, రెండో వేసవి మొగకి వెళ్లినవాళ్లే ఎక్కువ కాలం ఈ ఆటలో ఉండటం చూశాను.

హోప్ ఐలాండ్ సంగతి

చాలామంది దీని గురించి అడుగుతారు. కాకినాడ ముందు 16 కిలోమీటర్ల పొడవున గోదావరి ఇసుకతో ఏర్పడిన దీవి. చూడటానికి అద్భుతం. కానీ అది 1978లో ఏర్పాటైన కోరంగి అభయారణ్యం పరిధిలోది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. అటవీశాఖ అనుమతితో చూడటానికి వెళ్లండి, రాడ్డు ఇంటి దగ్గరే ఉంచండి. కోరంగి మడ అడవి పాయలకీ ఇదే మాట.

తాబేళ్లు మన కోనసీమ బీచుల్లోకి కూడా వస్తాయి. ఏప్రిల్‌లో చీకటి ఉండగా ఇసుక మీద నడిచేటప్పుడు పిల్ల తాబేళ్లు నీటివైపు పోతూ కనిపించవచ్చు. టార్చి ఆర్పేసి అవి వెళ్లేదాకా ఆగండి. వెలుతురు చూస్తే అవి దారి తప్పుతాయి.

సరంజామా: ఒక్కటే కొనాలంటే

బీచ్‌కి, మొగకి 11 లేదా 12 అడుగుల రాడ్డు, 5000 లేదా 6000 సైజు రీలు, 80 నుంచి 120 గ్రాముల సీసం. పాయ లోపలికి 7 లేదా 8 అడుగుల రాడ్డు, 3000 లేదా 4000 రీలు. రెండూ కొనే స్తోమత లేకపోతే చిన్నదే కొనండి. చిన్న రాడ్డుతో ఓడలరేవు ఒడ్డున కొంతవరకు నెట్టుకురావచ్చు. 12 అడుగుల రాడ్డుతో యానాం గట్టు మీద ల్యూర్ వేస్తే పావుగంటకే భుజం పడిపోతుంది.

దారం దగ్గర మాత్రం పొదుపు చేయకండి. పండుగప్ప మొప్పల అంచు బ్లేడులా ఉంటుంది. కనీసం 40 పౌండ్ల లీడర్ (ముల్లుకి ముందు కట్టే గట్టి దారం) కట్టకపోతే, గట్టు దాకా వచ్చిన చేప తల ఒక్కసారి విదిలించి వెళ్లిపోతుంది. చేప మింగకుండా మూతి పక్కన తగిలే సర్కిల్ హుక్కులు వాడితే వదిలేయడం సులువు. ఇంటికి రాగానే రీలుని మంచినీళ్లతో కడగండి. ఉప్పు ఒక్క వారంలో దాన్ని పాడు చేస్తుంది.

ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి? పండుగప్ప పుట్టినప్పుడు మగదిగా పెరిగి, కొన్నేళ్ల తర్వాత ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్దవన్నీ దాదాపు ఆడవే, మొగల దగ్గర గుడ్లు పెట్టాల్సినవి. నేను పెట్టుకున్న నియమం ఇది: మూర కంటే చిన్నదీ, రెండు మూరలకి దగ్గరపడేదీ నీళ్లలోకే. మధ్యది పులుసుకి. ఫొటో కావాలంటే నీళ్ల పక్కనే, తడి చేతులతో, రెండు క్షణాల్లో.

జెల్ల ముల్లు, టేకు ముల్లు

నాలుగు చోట్లలో ఎక్కడికి వెళ్లినా ఇది ఒకటే. జెల్లకి వీపు మీద ఒకటి, రెండు పక్కల రెండు ముళ్లు ఉంటాయి, విషం ఉంటుంది. చేత్తో పట్టకండి, పట్టకారుతో గాలం తీయండి. ఇసుకలో పడుకున్న టేకు చేప (స్టింగ్‌రే) మీద కాలు వేస్తే తోకముల్లు దిగుతుంది. అందుకే నీళ్లలో అడుగులు ఎత్తి వేయకుండా ఇసుక మీద పాదాలు ఈడ్చుకుంటూ నడవాలి, అలికిడికి అది తప్పుకుంటుంది.

గుచ్చుకుంటే ఆ విషం వేడికి దెబ్బతింటుంది. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో గంట, గంటన్నర ముంచి ఉంచాలి, తర్వాత డాక్టర్ దగ్గరికి. నా సంచిలో వేసవి అంతా రెండు ఫ్లాస్కులు ఉంటాయి. ఒకదాంట్లో మజ్జిగ, ఇంకోదాంట్లో వేడినీళ్లు. ఆ రెండోది నా తమ్ముడి కొడుకుకి ఓడలరేవులో ఒకసారి పనికొచ్చింది. వాడు ఏడుపు ఆపేసరికి అరగంట పట్టింది, కానీ ఆసుపత్రికి చేరేసరికి నవ్వుతున్నాడు.

ఎవరికి ఏది

పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే యానాం, రెండో ఆలోచన వద్దు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు, అంతా కొత్తవాళ్లు అయితే మొదటి రెండుసార్లు యానాం లేదా ఎస్.యానాం, మూడోసారి అష్టమి చూసుకుని ఓడలరేవు. ఆదివారం ఒక్కటే ఖాళీ ఉన్న ఉద్యోగికి తిథి ఎంచుకునే వీలుండదు. ఆ ఆదివారం అమావాస్య దగ్గరైతే గౌతమి గట్టు, అష్టమి దగ్గరైతే వైనతేయ ఒడ్డు. ఏళ్లుగా గాలం వేస్తూ, తోడు ఉన్నవాళ్లు అంతర్వేది వెళ్లండి, ముందురోజు రాత్రికే చేరండి. ఒంటరిగా వెళ్లే అలవాటు ఉన్నవాళ్లకి, ఎంత అనుభవం ఉన్నా, యానాం తప్ప ఇంకోటి చెప్పను.

జూన్ 15న నిషేధం ఎత్తేశాక పడవలు మళ్లీ కదులుతాయి. ఆ రెండు మూడు వారాలు ఓడలరేవు నుంచి కానీ భైరవపాలెం వైపు కానీ తెలిసిన మత్స్యకారుడితో, లైఫ్ జాకెట్ వేసుకుని వెళ్తే మొగ బయట మాగలు బాగా అందుతాయి. అప్పటికి నైరుతి గాలి బలపడి ఉంటుంది. ఆ పూట వద్దని పడవాయన అంటే వద్దనే అర్థం. ఆ తర్వాత ధవళేశ్వరం దగ్గర గేట్లు ఎత్తారని వార్త వస్తుంది. ఎర్రనీరు పాయల్లోకి దిగిన రోజు నుంచి ఉప్పునీటి గాలం మూటకట్టేసి, పులస కోసం వలలు పట్టుకుని నదికెక్కేవాళ్లకి దారి ఇవ్వండి.